వల్లెట్టా: కోటగోడల నడుమ ఒక ఆసుపత్రి

అపొస్తలుల కార్యముల గ్రంథములో 27, 28 అధ్యాయములు చదివినవారికి మెలితే ద్వీపము క్రొత్త పేరు కాదు. పౌలును ఖైదీగా రోమాకు తీసికొనిపోవుచున్న ఓడ తుపానులో చిక్కి బద్దలు కాగా, అందులోని 276 మందియు ఈదియు, చెక్కలు పట్టుకొనియు ప్రాణములతో ఒడ్డు చేరిన చోటు అదే. వానలో, చలిలో వణకుచున్న ఆ పరదేశులకు ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి ఆదరించిరి. అక్కడ గడిపిన మూడు నెలలలో పౌలు పొప్లి తండ్రిని, మరి అనేక రోగులను స్వస్థపరచినట్లు లూకా వ్రాసెను. ఆ మెలితేయే నేటి మాల్టా యని చిరకాలముగా వచ్చుచున్న నమ్మకము. ఆ దేశమునకు రాజధాని వల్లెట్టా. ఆ నగరమును, అందలి చారిత్రక స్థలములను మన సంఘస్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

మాల్టా మధ్యధరా సముద్రములో, సిసిలీకి దక్షిణముగా సుమారు 90 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ద్వీపములన్నియు కలిపి 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. వల్లెట్టా అయితే ఒక చదరపు కిలోమీటరుకు కూడ తక్కువే. రెండు రేవుల నడుమ సముద్రములోనికి నాలుకవలె చొచ్చుకొనిపోయిన రాతిగుట్టపై తేనెరంగు సున్నపురాతితో కట్టిన నగరమిది. 1980లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఈ నగరమును కట్టినవారెవరు? పదునొకండవ శతాబ్దమున యెరూషలేములో యాత్రికులకు, రోగులకు సేవచేయుటకై ఒక ఆసుపత్రి వెలసెను. దానిని నడిపిన సహోదరులు బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట ఒక సంఘముగా ఏర్పడిరి. 1113లో పోపు దానిని గుర్తించిరి. రోగుల ప్రక్కన కూర్చుండిన చేతులే క్రమక్రమముగా కత్తి పట్టినవి. క్రైస్తవ సైన్యములు 1291లో పరిశుద్ధ దేశమును కోల్పోయిన పిమ్మట ఈ సంఘమువారు రోదు ద్వీపమును సంపాదించుకొని, 1522లో దానిని టర్కీవారికి విడిచిపెట్టవలసివచ్చెను. 1530లో ఐదవ చార్లెస్ చక్రవర్తి వారికి మాల్టాను ఇచ్చెను. దానికి శిస్తు ఏటేట ఒక డేగ మాత్రమే!

1565 మే నెలలో సుల్తాను సులేమాను పంపిన మహా నౌకాబలము మాల్టాను ముట్టడించెను. సంఘపు యోధులు, అనగా నైట్లు, కొన్ని వందలమందే. పోరాడినవారిలో మిక్కిలి భాగము మాల్టా సామాన్య ప్రజలు. గుట్ట కొనయందున్న సెయింట్ ఎల్మో కోట సుమారు ఒక నెల నిలిచి, జూన్ 23న పడిపోయెను. అయినను మిగిలిన కోటలు లొంగలేదు. సెప్టెంబరు 8న ముట్టడి ముగిసెను. సంఘాధిపతి జాన్ డి వాలెట్ వెంటనే ఆ గుట్టపై క్రొత్త నగరము కట్టింప పూనుకొని, 1566 మార్చి 28న పునాదిరాయి వేసెను. నగరమునకు ఆయన పేరే వచ్చినది. పోపు పంపిన ఇటలీ ఇంజనీరు లాపరెల్లి నమూనా గీయగా, మాల్టావాడైన జిరోలమో కస్సార్ ముఖ్య భవనములు కట్టెను. వీధులు గీత గీసినట్లు తిన్నగా, ఒకదానికొకటి అడ్డముగా సాగును. నదులు లేని ఆ నేలపై ప్రతి ఇంటికిని వాననీటి తొట్టి ఉండవలెనని నియమము చేసిరి. రాళ్లు మోసినవారిలో కూలివారే గాక బానిసలును కలరు. వారి పేర్లు ఏ రాతిపైనను చెక్కబడలేదు.

ఇక నగరము చూతము. నగర ద్వారము దాటగానే కుడిచేతి ప్రక్క 2015లో వినియోగములోనికి వచ్చిన పార్లమెంటు భవనము కనబడును. దాని చెంతనే పైకప్పు లేని ఒక రంగస్థలము. అది 1866లో ప్రారంభమైన రాయల్ ఒపెరా భవనము ఉన్న చోటు. 1942 ఏప్రిల్ 7న శత్రువిమానములు దానిని కూల్చినవి. మిగిలిన స్తంభములను అట్లే ఉంచి, 2013లో ఆరుబయలు రంగస్థలముగా మార్చిరి. అచటినుండి కొద్ది అడుగులు వేసిన ఎగువ బరక్కా ఉద్యానవనము చేరుదుము. దాని గోడయొద్ద నిలిచి క్రిందికి చూచిన మహా రేవు అంతయు కన్నులపండువుగా కనిపించును. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు క్రింది బురుజునుండి ఫిరంగి మ్రోగును.

నగర మధ్యమున సెయింట్ జాన్ కథీడ్రల్ ఉన్నది. ఇది 1577లో పూర్తియైనది. వెలుపల చూచినచో కోటవలె సాదా గోడలు. లోపల అడుగిడినచో అంతయు బంగారు పూత. నేలయంతయు నాలుగువందలమంది వరకు నైట్ల సమాధులపై పరచిన రంగురంగుల చలువరాతి ఫలకములే. మత్తియా ప్రేతి అను చిత్రకారుడు 1661 మొదలు 1666 వరకు శ్రమించి పైకప్పునిండ యోహాను చరిత్ర చిత్రించెను. ప్రక్కనున్న ప్రార్థనశాలలో కారవాజ్జో 1608లో గీసిన యోహాను శిరచ్ఛేదన చిత్రమున్నది. దాని వెడల్పు అయిదు మీటర్లకు పైమాటే. ఆయన సంతకముగల చిత్రము ఇది ఒక్కటే. ఆ సంతకమును యోహాను రక్తములోనే వ్రాసెను. ఆ సంవత్సరమే ఒక కొట్లాటలో పాల్గొని, చెరనుండి పారిపోయిన ఆ చిత్రకారుని సంఘమువారు వెలివేసిరి.

సెయింట్ పాల్ వీధిలో పౌలు ఓడ పగిలిన సంగతిని స్మరించు దేవాలయము కలదు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 10న పౌలు ప్రతిమను ఊరేగించి పండుగ చేయుదురు. నగరమునకు రెండవ ప్రక్కన ఆంగ్లికన్ వారి సెయింట్ పాల్ కథీడ్రల్ శిఖరము దూరమునుండియే కనబడును. ఇంగ్లండు రాజు నాలుగవ విలియము గారి విధవరాలైన అడిలైడ్ రాణి ఆరోగ్యము కొరకు మాల్టా వచ్చి, అచ్చట ఆంగ్లికన్ వారికి తగిన మందిరము లేకపోవుట చూచి, తన సొమ్ముతో దీనిని కట్టించెను. 1839లో పునాది వేయగా 1844లో ప్రతిష్ఠ జరిగెను. దాని చెంతనే కార్మెలైట్ దేవాలయపు గొప్ప గుమ్మటము. ఈ రెండును ప్రక్కప్రక్కన నిలిచి నేడు నగరమునకు గురుతుగా ఉన్నవి.

యాత్రికులలో ననేకులు ఇంతటితో తృప్తిపడి మరలిపోవుదురు. కాని నగరపు దిగువ కొనను, సముద్రమునకెదురుగా, పొడవైన ఒక పాత భవనమున్నది. దానిని చూడనివారు వల్లెట్టాను చూడనివారేయని మా అభిప్రాయము. అదే 1574లో మొదలుపెట్టిన సంఘమువారి ఆసుపత్రి. అందలి పెద్ద గది పొడవు 155 మీటర్లు. ధనికుడు, దరిద్రుడు అను భేదము లేక రోగులను చేర్చుకొనెడివారు. అన్యమతస్థులకును, బానిసలకును చోటు కలదు, అయితే బానిసలకు గది వేరు. రోగులకు వెండి పాత్రలలో ఆహారము పెట్టెడివారు. గొప్ప వంశములలో పుట్టిన నైట్లు వంతులవారీగా వచ్చి వడ్డించవలెనని నియమము. 1676లో అక్కడ శరీరశాస్త్ర పాఠశాలయు ఏర్పడెను.

అయితే చరిత్రను ఒకవైపే చెప్పుట న్యాయము కాదు. రోగికి వెండి పళ్లెములో వడ్డించిన ఆ సంఘమే సముద్రముపై ముస్లిములను పట్టి, బానిసలుగా అమ్మి, తన ఓడలకు తెడ్లు వేయించెను. 1749లో బానిసలు చేయనెంచిన తిరుగుబాటు బయటపడగా వారిని క్రూరముగా శిక్షించిరి. సేవకై పుట్టిన సంఘము బలము పెరిగిన కొలది తన పుట్టుకను ఎట్లు మరచునో ఈ నగరములో స్పష్టముగా కనిపించును.

మరి ఆ గోడలేమి చేసినవి? 1798 జూనులో నెపోలియన్ నౌకలు వచ్చినప్పుడు, ఇన్ని బురుజులు ఉండియు సంఘమువారు కొద్ది దినములలోనే నగరమును అప్పగించి వెడలిపోయిరి. ఆసుపత్రి వెండి కరిగిపోయెను. మాల్టాలో బానిసత్వమును రద్దుచేసినదియు ఆ నెపోలియనే. ఫ్రెంచివారు దేవాలయములను దోచుకొనుటచే ప్రజలు తిరుగబడిరి. రెండేండ్లు ఫ్రెంచి దండు లోపల నుండగా, గోడలు కట్టినవారి సంతతి వెలుపల నిలువవలసివచ్చెను. 1800లో బ్రిటిషువారు నగరములో ప్రవేశించిరి. రెండవ ప్రపంచయుద్ధములో బాంబులు పైనుండి పడినవి. అప్పుడు ప్రజలను కాచినది గోడల ఎత్తు కాదు, రాతిలో త్రవ్వుకొన్న సొరంగములు. 1942 ఏప్రిల్ 15న ఆరవ జార్జి రాజు ద్వీపమంతటికిని జార్జి క్రాసు పతకమునిచ్చెను. ఆ ఆగస్టులో ఆహారము, నూనె తెచ్చుటకు బయలుదేరిన 14 సరకు ఓడలలో అయిదు మాత్రమే రేవు చేరినవి. ఆ మృతుల జ్ఞాపకార్థము 1992లో రేవు ఒడ్డున ఒక పెద్ద గంట నిలిపిరి. మాల్టా 1964లో స్వతంత్రమై, 1974లో గణతంత్రమాయెను.

నేడు నగరములో యాత్రికులు అధికము, నివాసులు స్వల్పము. ఒకప్పుడు ఇరవైవేలకు పైబడిన జనసంఖ్య 2021 నాటికి సుమారు 5,000కు తగ్గినది. పాత ఇండ్లలో పెక్కు హోటళ్లాయెను. ఆసుపత్రి భవనము 1979 నుండి సమావేశ మందిరముగా ఉపయోగపడుచున్నది.

అయితే ద్వీపమును కోల్పోయిన ఆ సంఘము చావలేదు. 1834 నుండి రోమా నగరమును కేంద్రముగా చేసికొని, ఏలుటకు భూమి లేకయే, నేటికిని అనేక దేశములలో రోగులకు, శరణార్థులకు సహాయము చేయుచున్నది. దాని మాదిరిని చూచియే 1877లో ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ పుట్టినది. మన ఊళ్లలో ప్రథమ చికిత్స నేర్పువారి చొక్కాలపై కనబడు ఎనిమిది కొనల తెల్ల సిలువ మాల్టా సిలువయే. బురుజులు మాల్టాలోనే నిలిచిపోయినవి. ఆసుపత్రి గురుతు మాత్రము మన యొద్దకు వచ్చినది. తలదాచుకొన వచ్చిన 276 మంది పరదేశులకు నిప్పు రాజబెట్టిన నాడు ఆ గుట్టపై ఒక్క గోడయు లేదు. వల్లెట్టా చూడబోవువారు మొదట ఆ దిగువ కొననున్న పాత ఆసుపత్రిని చూచి, తరువాత కోట ఎక్కవలెనని మా మనవి.