ఒకే ఒక్క ప్రతి

దానికి రెండో ప్రతి ఉండేది కాదు. రెండు దస్తాల తెల్లకాగితాలు, ఒక ఇండియన్ ఇంకు బుడ్డి, పాళీ కలం, నీటిరంగుల పెట్టె. పెట్టుబడి అంతే. తరగతి మొత్తంలో గుండ్రటి దస్తూరి ఎవరిదో చూసి ఆ పిల్లవాణ్ని లేఖకుడిగా పెట్టేవారు. కథ అల్లేది ఒకడు, దాన్ని కొట్టివేతలు లేకుండా ఎత్తి రాసేది ఇంకొకడు, పేజీ మూలన బొమ్మ వేసేది మరొకడు. తెలుగు మాస్టారు ముందే చిత్తుప్రతిలో దీర్ఘాలూ ఒత్తులూ సరిచేసి ఇచ్చేవారు. అన్నీ కుదిరాక దారంతో కుట్టి, అట్ట వేసి, అట్ట మీద ఉదయించే సూర్యుణ్నో వీణనో గీసి, పేరు రాసేవారు. లిఖిత పత్రిక అంటే అది. చివర్లో నాలుగైదు పేజీలు ఖాళీగా వదిలేవారు. చదివినవాళ్ళు అక్కడ తమ అభిప్రాయం రాసి సంతకం చెయ్యాలి. హెడ్మాస్టరుగారి బల్ల మీద నుంచి బయల్దేరిన ఆ ఒక్క ప్రతి తరగతులన్నీ తిరిగి, కొన్నాళ్ళు ఎవరింట్లోనో ఆగి, నాయనమ్మ చేత కూడా చదివించుకుని, అంచులు నలిగి బడికి చేరేది.

పత్రిక వెనక ఒక సంఘం ఉండేది. సారస్వత సంఘమని ఒకచోట, సాహితీ సమితి అని ఇంకోచోట. ఏటా అధ్యక్షుణ్నీ కార్యదర్శినీ పిల్లలే ఎన్నుకునేవారు. శనివారం ఆఖరి పీరియడు దానిది. కత్తి గొప్పదా కలం గొప్పదా, పల్లె మేలా పట్నం మేలా అని వాదించుకునేవారు. కార్యదర్శి లేచి క్రితం సమావేశం నివేదిక చదివేవాడు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు మొదటిసారి నలుగురి ముందు నిలబడి, మోకాళ్ళు వణుకుతుండగా 'అధ్యక్షా' అని గొంతు సవరించుకున్న చోటు అది. వార్షికోత్సవం వస్తే తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల నుంచి ఓ ఘట్టం కట్టాల్సిందే. గుంటూరు సీమలో పద్యం ఎత్తుకోని బడి ఉండేది కాదు మరి.

ఈ అలవాటు ఈ నేలకు కొత్తగా అంటింది కాదు. గుంటూరు సీమలోని చిలకలూరిపేటకు పొరుగున, కోటప్పకొండకు అవతలి పక్కన ఉన్న నరసరావుపేటలో, ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్ళు ముగ్గురు కలిసి 1944లో 'నయాగరా' అనే కవితా సంకలనం తెచ్చారు. కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం, బెల్లంకొండ రామదాసు. తెలుగులో తొలి అభ్యుదయ కవితా సంకలనంగా దానికి పేరు. రైలు దిగి ఎవరో మహానగర మేధావులు వచ్చి నేర్పితే పుట్టిన కవిత్వం కాదు. బడిలో నేర్చిన పద్యమూ, స్నేహితుల మధ్య చదువుకున్న కాగితాలూ, నలుగురు కూర్చునే అరుగూ ఉన్న ఊళ్ళోంచి వచ్చింది.

మద్రాసులో అదే కాలంలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి ఆంధ్ర బాలానంద సంఘం నడిపారు. 1945 ఆగస్టులో 'బాల' పత్రిక మొదలుపెట్టారు. పిల్లలు రాసినవి పిల్లల పేర్లతోనే అచ్చయ్యేవి. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 'అమ్మ మాట వినకపోతే' ఆ 'బాల'లోనే వచ్చింది. బాపు తొలి బొమ్మలకూ అదే చోటు. ఈ ఇద్దరూ కుర్రతనంలో 'ఉదయభాను' అనే పత్రిక కూడా నడిపారు. దాని కోసం సైక్లోస్టైల్ యంత్రం కొన్నారు. తర్వాత ఆ యంత్రాన్ని అమ్మేసి, వచ్చిన డబ్బుతో వ్యాసరచన పోటీలూ వక్తృత్వ పోటీలూ పెట్టారట! తెలుగువాళ్ళు రెండు తరాలు నవ్విన నవ్వుకు మూలం వెతికితే ఆ పిల్లల పత్రికల దగ్గరే దొరుకుతుంది.

'బాల' 1959లో ఆగిపోయింది. రేడియో అన్నయ్య 1984లో కన్నుమూశారు. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' 2013 నాటికి పూర్తిగా మూతపడింది. వీటికి తేదీలున్నాయి. ఆగినప్పుడు కనీసం బాధపడి రాసినవాళ్ళున్నారు. మన హైస్కూళ్ళ లిఖిత పత్రికలకు ఆ పాటి భాగ్యం కూడా లేదు. ఆఖరి సంచిక ఏ బడిలో, ఏ సంవత్సరం కుట్టారో ఎవరూ రాసిపెట్టలేదు. వచ్చే నెల తెద్దామనుకున్నారు. ఆ నెల పరీక్షలొచ్చాయి. ఆ తర్వాత లేఖకుడు పదో తరగతి పాసై వెళ్ళిపోయాడు.

టీవీ చంపింది, సెల్‌ఫోన్ చంపింది అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఫోన్ పిల్లల చేతికి వచ్చేసరికే సంఘం పోయి చాలా ఏళ్ళయింది. దాని పతనం పొలంలో మొదలైందని నా నమ్మకం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళొదిలారు. కుడికాలువ కింద భూములు తడిశాయి, చేతిలో డబ్బు ఆడింది. నల్లరేగడిలో పత్తి విరగకాసింది. చిలకలూరిపేట పత్తి బేళ్ళ ఊరైంది, లారీల ఊరైంది. ఆ వైభవం మీద 1987–88లో తెల్లదోమ పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిరైతులు పురుగుమందు తాగి చనిపోయిన వార్తలు దేశమంతా చదివింది. ఆ ఏడు ఈ ఊళ్ళలో ప్రతి తండ్రి మనసులోనూ ఒక మాట గట్టిపడింది: మా పిల్లవాడు ఈ మట్టిలోకి దిగకూడదు. ఆ మాటను తప్పు పట్టే హక్కు నాకు లేదు. అప్పుల వాళ్ళు గుమ్మంలో కూర్చుంటే, కొడుకు శనివారం మధ్యాహ్నం కథ రాస్తున్నాడని ఏ తండ్రి మురుస్తాడు?

అక్కడి నుంచి బడి ఎంసెట్ వైపు తిరిగింది. మొదట ఇంటర్మీడియట్ తిరిగింది, దాని వెనక పదో తరగతి, దాని వెనక ఎనిమిది, చివరికి ఆరో తరగతి. శనివారం ఆఖరి పీరియడు లెక్కల మాస్టారికి వెళ్ళింది. సాయంత్రం ఆటల గంట స్టడీ అవర్ అయింది. డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే చాలా బడుల్లో ఆ కుర్చీలోకి మళ్ళీ ఎవరూ రాలేదు. క్రాఫ్టు మాస్టారి సంగతీ అంతే. ఎవరూ సంఘాన్ని రద్దు చేస్తున్నామని ఉత్తర్వు ఇవ్వలేదు. ఉత్తర్వు ఇచ్చి ఉంటే పోట్లాడటానికైనా వీలుండేది. ఇవాళ చిలకలూరిపేట ఎన్.ఆర్.టి. సెంటర్లో తలెత్తి చూడండి. ఫ్లెక్సీల నిండా పిల్లల మొహాలే. ప్రతి మొహం కిందా ఒక అంకె ఉంటుంది. ఆ పిల్ల ఏం రాస్తుందో, ఏం గీస్తుందో, ఏం అడుగుతుందో తెలిపే ఒక్క వాక్యం ఉండదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పోయిన సంఘాల్లో అందరికీ చోటుండేదని నేను అనను. 1895లో ఈ సీమలోనే వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాకు బడి ఎంత గాయం చేసిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. తర్వాతి దశాబ్దాల్లోనూ అధ్యక్ష కార్యదర్శుల పేర్లు ఎక్కువగా నాలుగైదు ఇళ్ళ పేర్లే. వేదిక మీద ఆడపిల్ల కనిపించడం అరుదు. మాలపల్లె నుంచి, ఎరుకల గుడిసెల నుంచి, యానాదుల పాకల నుంచి పిల్లవాడు వచ్చినా, వెనక బెంచీలో కూర్చుని వినేవాడు.

నా దుఃఖమంతా అక్కడే ఉంది. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలోకి ఇవాళ వస్తున్నది ఆ పిల్లలే. మిరపకోతలకు వెళ్ళే తల్లుల పిల్లలు, జిన్నింగ్ మిల్లుల్లో హమాలీల పిల్లలు, తమ ఇంట్లో పదో తరగతి దాకా చేరిన మొదటి ఆడపిల్లలు. చెప్పడానికి వీళ్ళ దగ్గర ఉన్నంత కథ ముందు తరాల కార్యదర్శుల దగ్గర లేదు. తెల్లవారుజామున ట్రాలీ ఆటోలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళ మాటలు వీళ్ళు విన్నారు. కాయ కోసి కోసి మండే చేతులు వీళ్ళు చూశారు. వీళ్ళు గుమ్మం తొక్కేవేళకు వేదిక తీసేశారు, పత్రిక ఆపేశారు. ఉన్నవాళ్ళ పిల్లలు ప్రైవేటు బడులకు వెళ్ళి అక్కడ ర్యాంకుల కింద నలిగారు. లేనివాళ్ళ పిల్లలకు సర్కారు బడి మిగిలింది, అందులో సంఘం మిగల్లేదు. ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో వాళ్ళ దాకా వచ్చేలోపే చచ్చిపోయింది.

సంఘం చేసిన పని కాగితం మీద మాత్రం నేటికీ బతికే ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనమని వచ్చినప్పుడు నిర్మాణాత్మక పరీక్షల్లో పిల్లల ప్రతిస్పందనలకు మార్కులు, ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టారు. తెలుగు పాఠాల చివర సృజనాత్మకత పేరుతో కవిత రాయమనీ సంభాషణ రాయమనీ, గోడపత్రికలో పెట్టమనీ అభ్యాసాలిచ్చారు. ఆ పాఠ్యపుస్తకాలు చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. అయితే ఆ కవిత గైడులో దొరుకుతుంది. పిల్ల దాన్ని చూసి రాస్తుంది, మాస్టారు టిక్కు పెడతారు, మార్కు రిజిస్టరులోకి ఎక్కుతుంది. గోడ ఖాళీగానే ఉంటుంది.

బడి పత్రికకు చందాలు పుట్టవనే మాట నేను నమ్మను. ఏటా మహాశివరాత్రికి చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళు కోటప్పకొండకు ప్రభలు కడతాయి. పురుషోత్తమపట్నం ప్రభను చూసినవాళ్ళకు ఈ జనం తలచుకుంటే ఎంత ఎత్తు లేపగలరో తెలుసు. ప్రభ నిలిచింది, ఎందుకంటే అది మా ఊరిది అని ఊరు అనుకుంది. బడి పత్రికను మా ఊరిది అని ఏ ఊరూ అనుకోలేదు. మాస్టారిది అనుకున్నారు. మాస్టారు బదిలీ అయ్యారు.

ఒకే ఒక్క ప్రతి విలువ తెలిసిన పిల్లలు ఇంకోచోట ఉండేవారు. చెకోస్లొవేకియాలో తెరెజిన్ అనే చోట నాజీలు యూదులను నిర్బంధించారు. 1942 నుంచి 1944 దాకా అక్కడి కుర్రవాళ్ళు 'వెదెమ్' అనే వారపత్రిక నడిపారు. పెత్ర్ గింజ్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు సంపాదకుడు. ఒకే ప్రతి. శుక్రవారం రాత్రి అందరూ కూర్చుంటే చదివి వినిపించేవారు. గింజ్‌నూ, అందులో రాసిన పిల్లల్లో ఎక్కువమందినీ చంపేశారు. ఒక కుర్రవాడు దాచడం వల్ల సుమారు 800 పేజీలు దక్కాయి. మృత్యువు ముంగిట కాగితం ముక్కను దాచాలన్న ఎరుక వాళ్ళకుంది. మన దగ్గర ఏ ఆపదా లేని రోజుల్లో, బీరువా సర్దుతూ, పాత జవాబుపత్రాలతో కలిపి కట్టగట్టి తూకానికి వేశారు. అచ్చయిన పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి భద్రపరిచింది. చేత్తో రాసినవాటికి ఆ దారి లేదు. ఒక్కటి పోతే అంతా పోయినట్టే.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఒకప్పటి కార్యదర్శులుంటారు, లేఖకులుంటారు, బొమ్మలు వేసినవాళ్ళుంటారు. మీ ఇంటి ట్రంకుపెట్టెలో, అటక మీద అలాంటి ప్రతి ఒక్కటున్నా చెదలు ముట్టకముందే దించండి. ప్రతి పేజీకీ ఫోటో తీసి, అసలుది మీ బడికో శాఖా గ్రంథాలయానికో ఇవ్వండి. హెడ్మాస్టర్లకు మనవి: శనివారాలు పుస్తకాల సంచి వద్దని ప్రభుత్వమే అంటున్న రోజులివి. ఆ శనివారాల్లో ఒక్క పీరియడు పిల్లలకు తిరిగి ఇవ్వండి. సంఘాన్ని వాళ్ళనే ఎన్నుకోనివ్వండి. సంపాదకత్వం ఈసారి వెనక బెంచీకి ఇవ్వండి. కాగితాలకూ రంగులకూ అయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులను అడగండి, ఇస్తారు.