హాలీ సిక్కా, కల్దారు రూపాయల మారకము

ఆంధ్రదేశచరిత్రమును వ్రాయువారు రాజుల వంశావళులను, యుద్ధముల కాలములను నిర్ణయించుటయందుఁ జూపిన శ్రద్ధను నాణెముల విలువలయందుఁ జూపలేదు. శిస్తు, కూలి, ధాన్యపు వెల, విరాళము మొదలగువానిని దెలుపు పత్రములయందు రూపాయ యను మాట కనఁబడఁగానే దాని యర్థము సుగమమని తలంచి ముందునకుఁ బోవుచున్నాము. కృష్ణామండలమునకును, దాని నానుకొనియుండిన నైజాము రాజ్యమునకును సంబంధించిన పత్రములయందు ఈ తలంపు సరికాదు. అచ్చట రూపాయ యను నొక్క పేరుతో రెండు నాణెములు చెల్లినవి.

పూర్వము వరహాల లెక్క యుండినప్పు డీ చిక్కు లేదు. మద్రాసు ప్రభుత్వమువారు 1818లో వెండిరూపాయను బ్రమాణముగాఁ జేసి, నక్షత్రముద్రగల వరహాలు నూఱింటికి 350 రూపాయలని నిర్ణయించిరి. వరహా వేఱు, రూపాయ వేఱు. పేరే భేదమును దెలుపును. హాలీ, కల్దారులయందు విశేషణమును విడిచినచో మిగులునది రూపాయయే.

ఇఁక శబ్దవిచారము. రూపశబ్దముమీఁద యప్ప్రత్యయమును జేర్చి రూప్యశబ్దమును బాణిని సాధించెను. ఆ ప్రత్యయమునకుఁ జెప్పిన రెండర్థములలో నొకటి ఆహతము, అనఁగా ముద్ర కొట్టఁబడినది. కావున నీ పేరు నాణెమునకు ముద్రనుబట్టి వచ్చినదేకాని వెండినిబట్టి వచ్చినది కాదు. సిక్కా యనునదియు ముద్రయే. హాలీ యనఁగా వర్తమానమునఁ జెల్లునది. కల్దారనఁగా యంత్రముతోఁ జేయఁబడినది. బ్రిటిషువారి రూపాయకు నైజాము రాజ్యమున నిదియే పేరు. తరువాత హైదరాబాదు టంకశాలయందును యంత్రములు వచ్చినవి. అయినను గల్దారను పేరు పొరుగు నాణెమునకే నిలిచెను. యోగార్థము చెడి రూఢి మిగిలిన శబ్దముల కిది చక్కని యుదాహరణము.

ముద్ర సంగతి యటుండఁగా, ద్రవ్యమును జూతము. 1835 సంవత్సరపు చట్టముచే నేర్పడిన కంపెనీ రూపాయ తూనిక 180 గ్రెయిన్లు, అనఁగా నొక తులము. అందుఁ బండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి; కాఁబట్టి మేలివెండి 165 గ్రెయిన్లు. ఢిల్లీ చక్రవర్తి పేరు తొలఁగిన పిమ్మట 1858 నుండి నైజాము రాజ్యమున హాలీ సిక్కా వెలువడెను. చార్మినారు బొమ్మగల హాలీ రూపాయ తూనిక సుమారు 172½ గ్రెయిన్లు. అందు వేయింట 818 పాళ్లు వెండి. కాఁబట్టి మేలివెండి సుమారు 141 గ్రెయిన్లు. ఈ లెక్కచొప్పున నూఱు కల్దార్లలోని వెండి దాదాపు 117 హాలీలలోని వెండికి సమానము. ప్రభుత్వపు లెక్కలయందు స్థిరపడిన మారకము నూఱు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 దమ్మిడీల హాలీ, అనఁగా ఆఱు కల్దార్లకు ఏడు హాలీలు. ముద్రలు వేఱైనను మారకము వెండికి మిక్కిలి దగ్గఱగా నున్నది.

అట్లని యన్ని కాలములకును ఈ యేడాఱుల నియమమునే వర్తింపఁజేయరాదు. 1893లో బ్రిటిషు ప్రభుత్వము ప్రజలు తెచ్చిన వెండిని నాణెములుగాఁ గొట్టి యిచ్చుట మానెను. అది మొదలు కల్దారు విలువ తనలోని వెండి విలువనుండి వేఱుపడెను; అటుపిమ్మటి మారకమును దూనికచేతనే సాధింప వలను పడదు. 1889లో హైదరాబాదునుండి బెజవాడకు రైలుమార్గ మేర్పడఁగా, సరకులతోఁ బాటు రెండు నాణెములకును రాకపోకలు సులభమయ్యెను. మారకపు వట్టము షరాబునకు లాభము. చిల్లర కొనుగోలుదారునకు నష్టము. కావునఁ బత్రమునందు మారకము వ్రాయఁబడియున్నచో దానినే గ్రహింపవలెను. లేనిచో నేడాఱుల లెక్కను అంచనాగా మాత్రమే చెప్పవలెను.

అర్థము సంశయితమైనప్పుడు నిర్ణయహేతువులుగా భర్తృహరి చెప్పినవానిలో దేశకాలములును, శబ్దాంతరసన్నిధియుఁ గలవు. ఇవి మన పత్రములకును బనికివచ్చును. వరంగల్లున వ్రాసినదైనచో హాలీ యనియు, బందరున వ్రాసినదైనచోఁ గల్దారనియు దేశమునుబట్టి యూహింపవచ్చును. మునగాల పరగణా విషయమున నీ హేతు వొక్కటియే చాలదు. అది కృష్ణామండలములోనిదైనను జుట్టును నైజాము గ్రామములే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండిన సంస్థాన మిదియే. బ్రిటిషు ప్రభుత్వమునకుఁ జెల్లింపవలసిన పేష్కషు కల్దారుతోడిది. పొరుగూరి సంతలోని బేరము హాలీతోడిది. అట్టిచోట హాలీ, కల్దారు అను శబ్దాంతరమో, ప్రకరణమో తోడు రావలెను.

పొరపాటు స్వల్పమని తలంపరాదు. 700 హాలీలు 600 కల్దార్లు. హాలీనుండి కల్దారునకు వచ్చునప్పు డేడవవంతు తగ్గింపవలెను. కల్దారునుండి హాలీకిఁ బోవునప్పు డాఱవవంతు చేర్పవలెను. రెండింట నొకే భిన్నమును వాడుట తఱచుగాఁ జేయు తప్పు. ఈ భేదము నెఱుఁగక నైజాము రాజ్యమున నేడు రూపాయల కూలిని, కృష్ణామండలమున నాఱు రూపాయల కూలిని బోల్చినవాఁడు లేని భాగ్యము నొకచోటను, లేని దారిద్ర్యము నొకచోటను గల్పించును.

హైదరాబాదు 1948లో భారతదేశమునఁ జేరెను. 1950 నుండి రెండు రూపాయలును అచ్చట నేడాఱుల మారకముతోఁ గలిసి చెల్లినవి. 1951లో హాలీని వెలువరించుట నిలిచెను. 1956లో నాంధ్రప్రదేశ మేర్పడిన పిదపఁ గూడ నాణెముల యేకత్వము పూర్తి కాలేదు. 1959లో హాలీ చెల్లుబాటు పోయెను. ఆ సంవత్సరమే మునగాలయు నల్లగొండమండలమునఁ గలిసెను. చెల్లునది యను పేరుగల నాణెము చెల్లనిదయ్యెను. అది వ్రాయఁబడిన పత్రములు మాత్ర మింకను మనయొద్ద నున్నవి. వానిని బ్రకటించువారు రూపాయకు ముందున్న విశేషణమును విడువక, లేనిచోట దేశకాలములను విచారించి యే రూపాయయో సూచింతురుగాక.