ఆల్సాస్ భట్టీలో పొంగిన కుగ్లోఫ్

హైదరాబాద్‌లో నార్సింగి నుంచి కోకాపేట దాకా వెలిసిన కొత్త బేకరీల్లో ఎగ్ పఫ్ పక్కనే ఇప్పుడు క్రోసాంట్ కనిపిస్తోంది. అది ఫ్రాన్స్ వాళ్లదనే మనం అనుకుంటాం. దాని మూలం మాత్రం వియన్నాలో ఉంది. ఆస్ట్రియా ఫిరంగి దళంలో అధికారిగా చేసిన ఆగస్ట్ జాంగ్ 1830ల చివర్లో పారిస్‌లోని రిషెల్యూ వీధిలో వియన్నా బేకరీ తెరిచాడు. అక్కడ అమ్మిన నెలవంక రొట్టెను పారిస్ బేకర్లు తర్వాత వెన్న పొరలతో తమదిగా చేసుకున్నారు.

ఇలా జర్మన్ భాషీయుల, ఫ్రెంచివాళ్ల రొట్టె పనితనాలు రెండూ తరాలుగా కలిసి బతికిన చోటు రైన్ నది ఒడ్డునున్న ఆల్సాస్. దాని ముఖ్య నగరం స్ట్రాస్‌బూర్ 1681లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వశమైంది. ఆల్సాస్ 1871లో జర్మనీకి, 1918లో ఫ్రాన్స్‌కు, 1940లో తిరిగి జర్మనీకి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి మళ్లీ ఫ్రాన్స్‌కు దక్కింది. ఒక్క మనిషి జీవితకాలంలోనే జెండా నాలుగుసార్లు మారింది. బడిలో భాష మారింది, వీధుల పేర్లు మారాయి. ఆదివారం పొద్దున కుగ్లోఫ్ కోసుకునే అలవాటు మాత్రం నిలిచింది.

కుగ్లోఫ్ అంటే మైదా, వెన్న, గుడ్లు, పాలు, ఈస్ట్ కలిపి పొంగబెట్టిన తీపి రొట్టె. కిష్మిష్‌ను చెర్రీ సారాలో నానబెట్టి పిండిలో వేస్తారు. అచ్చు అడుగున ఒక్కో గాడిలో ఒక్కో బాదం పెడతారు. ఆస్ట్రియాలో, దక్షిణ జర్మనీలో దీన్నే గూగెల్‌హుఫ్ అంటారు. దీన్ని ఫ్రాన్స్‌కు తెచ్చింది రాణి మారీ ఆంత్వానెత్ అని ఒక కథ, బైబిల్ కథలోని ముగ్గురు జ్ఞానులు ఆల్సాస్‌లోని రిబోవిల్లే ఊరి కుమ్మరికి నేర్పారని మరొకటి. నాకు ఈ కథలకన్నా అచ్చు మీదే గురి. సూఫ్లెన్‌హైమ్ కుమ్మరులు నేటికీ మట్టితో చేసి, మెరుగు పూసి కాల్చే ఆ అచ్చుకు నడుమ గొట్టం ఉంటుంది. వేడి దాని గుండా లోపలికి వెళ్లి, అంత ఎత్తు పిండినీ నడిమి దాకా సమంగా ఉడికిస్తుంది. వంటగది తెలివి అంటే అదీ!

పల్లెల్లో రొట్టెలు కాల్చే రోజున కట్టెల భట్టీ వేడి ఎంతుందో చూడటానికి ముందుగా పల్చటి పిండి రేకు మీద మీగడ, ఉల్లిపాయ, పంది మాంసపు ముక్కలు వేసి లోపలికి తోసేవారు. అదే తార్త్ ఫ్లాంబే. పొయ్యిని పరీక్షించడానికి పుట్టిన రేకు ఇవాళ ఆల్సాస్ హోటళ్లకు పేరు తెచ్చే వంటకమైంది. అక్కడి ముడి రొట్టె బ్రెట్జెల్‌ను క్షార జలంలో ముంచి కాలుస్తారు, ఆ గోధుమరంగు మెరుపు అందువల్లే. క్రిస్మస్ ముందు వారాల్లో ఇంటింటా బ్రెడెలే బిస్కెట్లు చేస్తారు.

మన ఎండల్లో క్రోసాంట్ చేయడం కష్టం. 35 డిగ్రీలకు వెన్న కరిగి పొరలు అతుక్కుపోతాయి, చల్లటి గది కావాలి. కుగ్లోఫ్‌లో వెన్న పిండిలోనే కలిసిపోతుంది కాబట్టి ఆ బాధ లేదు. వేసవిలో పిండి ఇడ్లీ పిండిలా తొందరగా పొంగుతుంది కనుక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే రుచి నెమ్మదిగా ఊరుతుంది. కిష్మిష్, బాదం బేగంబజార్‌లో దొరుకుతాయి. నార్సింగి బేకరీలు క్రోసాంట్ పక్కన దీనికీ చోటివ్వాలని నా కోరిక.