గాలికీ పెట్రోలుకూ తూకం

1912లో తొలి ఉక్కు దిమ్మెను తీసిన నగరం జంషెడ్‌పూర్. అలాంటి కార్మిక నగరాల్లో సైకిల్‌పై వెళ్లేవారికి 1972లో కొత్త నేస్తం దొరికింది. అదే లూనా. పెడళ్లున్న ఈ బండికి 50 సి.సి. ఇంజన్, దానికో చిన్న కార్బురేటర్ ఉండేవి.

కార్బురేటర్ కథ అంతకన్నా పాతది. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ బండిలో గాలి పెట్రోలును తాకుతూ ఆవిరిని మోసుకెళ్లేది. 1893లో విల్‌హెల్మ్ మేబాక్ సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మించాడు. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది, పెట్రోలు పైకి లేస్తుంది. ఇది బెర్నూలీ 1738లో వివరించిన సూత్రమే.

గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ట్యూనింగ్ అంటే ఈ తూకమే. జంషెడ్‌పూర్ పక్కనే 900 మీటర్లకు పైబడిన దల్మా కొండ ఎక్కితే గాలి పలచబడుతుంది, పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు. మిశ్రమం చిక్కబడి ప్లగ్ నల్లబడుతుంది. అందుకని పెట్రోలు తగ్గించి, అలాగే కొండ దిగితే? రెండు స్ట్రోకుల ఇంజన్‌కు కందెన నూనె పెట్రోలుతోనే అందుతుంది. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గి, పిస్టన్ వేడెక్కి పట్టేయవచ్చు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్లలో ఈ తూకాన్ని సెన్సర్లు చూస్తున్నాయి. అంతకు ముందు ఆ సెన్సర్ ఎవరో తెలుసా? ఇంజన్ చప్పుడు వినే మెకానిక్ చెవి, ప్లగ్ రంగు చూసే అతని కన్ను!