అన్నీ కలిసిపోతయ్ అన్నా!

మా ఫ్లాట్ బోరు నీళ్ళు పక్కా కఠిన జలం (స్కూలు కెమిస్ట్రీ గుర్తుందా?). గీజరు కాయిల్ మీద సున్నం పెచ్చులు కట్టేస్తుంది. అందుకే అక్వేరియం కొన్నప్పుడు షాపు కుర్రాడు "మీ నీళ్ళకు ఆఫ్రికన్ సిక్లిడ్లే కరెక్ట్. ఏవైనా తీస్కోండి, అన్నీ కలిసిపోతయ్ అన్నా" అన్నాడు. పసుప్పచ్చ ఎల్లో ల్యాబ్లు కొన్ని, నారింజ రంగు రెడ్ జీబ్రాలు కొన్ని పట్టుకొచ్చాను. నిజంగానే కలిసిపోయాయి. ఎంతగా అంటే, కొన్నాళ్ళకి అటూ ఇటూ కాని రంగులో పిల్లలు పుట్టేంత! మురిసిపోయి ఆఫీసులో నలుగురికి పంచిపెట్టాను కూడా.

తర్వాత చదివితే తెలిసింది, ఈ తప్పు నాకంటే ముందు ఏకంగా ఒక సరస్సులోనే జరిగిందని.

మలావి సరస్సు దాదాపు 580 కిలోమీటర్ల పొడవు. అందులో రాళ్ళ మధ్య బతికే ఈ సిక్లిడ్లని అక్కడివాళ్ళు ఎంబూనా అంటారు. ఎంబూనా రాయి వదిలి పోదు. రెండు రాళ్ళగుట్టల మధ్య ఇసుక మైదానం ఉందంటే అది దానికి సముద్రంతో సమానం. గుడ్లని, పిల్లల్ని తల్లి నోట్లోనే పెట్టుకుని పెంచుతుంది కాబట్టి పిల్లలూ దూరం పోవు. అలా ఒక్కో గుట్ట మీద ఒక్కో రంగు, ఒక్కో జాతి తయారయ్యాయి. నా ఎల్లో ల్యాబ్ది మలావి దేశం వైపు ఒడ్డు, రెడ్ జీబ్రాది మొజాంబిక్ ఒడ్డు. మధ్యలో సరస్సు. వాటికి పెళ్ళిచూపులు జరిగే అవకాశమే లేదు, నా హాల్లో తప్ప.

1960లలో ఈ చేపలకి విదేశాల్లో గిరాకీ వచ్చింది. అక్వేరియం వ్యాపారం పుణ్యమా అని ఉత్తరాది చేప సైనోటిలాపియా ఆఫ్రా దక్షిణాన థుంబీ వెస్ట్ దీవి దగ్గరకి చేరింది. ఒకే సరస్సు, ఒకే నీళ్ళు, ఏమవుతుందిలే అనుకునే ఉంటారు (మన షాపు కుర్రాడి లాజిక్కే!). 1983 నాటి సర్వేలో అది దీవిలో ఒక్క మూలే కనబడింది. 2001 కల్లా దాదాపు దీవి చుట్టూ పాకింది. 2004లో వచ్చిన జన్యు పరిశోధన ఇంకోటి చెప్పింది: స్థానిక జీబ్రా ఎంబూనాతో దానికి సంకరం జరుగుతోంది.

తమాషా ఏంటంటే, ఆ దీవి 1980లో ఏర్పడిన జాతీయ పార్కులో భాగం. 1984లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి చేపల్ని పట్టకూడదు. అంటే స్థానికులతో పాటు వలసొచ్చిన వాటికీ రక్షణే. పైగా ఈ మెర్జ్‌కి రోల్‌బ్యాక్ లేదు.

చేపలు కొట్టుకుంటాయా లేదా అన్నదొక్కటే మనం చూస్తాం. కొట్టుకుంటే కనీసం వెంటనే కనబడుతుంది. ఇప్పుడు నా ట్యాంకులో ఎంబూనా ఒక్కటే రకం, తోడుగా సినోడాంటిస్ అనే ఆఫ్రికా జెల్లలు. వీటికీ వాటికీ పిల్లలు పుట్టే ప్రశ్నే లేదు.

పిల్లల్ని పంచిన నలుగురిలో ముగ్గురికి విషయం చెప్పాను, ఎవరికీ ఇవ్వొద్దని. నాలుగో ఆయన కంపెనీ మారి బెంగుళూరు పోతూ ట్యాంకుతో సహా ఆన్‌లైన్‌లో అమ్మేశాట్ట. ఏమని రాసి అమ్మావు బాబూ అని అడిగితే, "ఎల్లో ల్యాబ్ అని" అన్నాడు.