ఆర్టిమిసినిన్ – క్యాన్సర్ చికిత్స

ఆర్టిమిసినిన్ అసలు మలేరియా మందు. చైనీయులు చింగ్‌హావ్ అని పిలిచే ఆర్టిమిసియా యాన్యువా అనే మొక్క ఆకుల నుంచి దీన్ని తీస్తారు. వినాయక చవితి పూజలో వాడే మాచిపత్రి ఈ మొక్కకు దాయాదే గానీ, మందు వచ్చేది మాత్రం దాన్నుంచి కాదు. గత మూడు దశాబ్దాలుగా ఆర్టిమిసినిన్‌నూ, దాన్నుంచి తయారైన ఆర్టిసునేట్ వంటి రూపాలనూ క్యాన్సర్ మీద పరీక్షిస్తున్నారు.

వియత్నాం యుద్ధకాలంలో, 1967లో చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా '523 ప్రాజెక్టు' చేపట్టింది. అందులో పనిచేసిన తూ యూయూకు 4వ శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ రాసిన చిట్కా దారి చూపింది. పిడికెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడాయన. కాచమని ఎక్కడా అనలేదు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. నీళ్లలో మరిగించడం మాని, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి దక్కింది.

ఈ అణువు బలమంతా దానిలోని పెరాక్సైడ్ వంతెనలో ఉంది. పక్కపక్కనే అతుక్కున్న రెండు ఆక్సిజన్ పరమాణువులే ఆ వంతెన. ఇనుము తగిలితే అది తెగి, చుట్టూ ఉన్న ప్రొటీన్లనూ పొరలనూ దెబ్బతీసే చురుకైన రాడికల్స్ పుడతాయి. మలేరియా క్రిమి మన హిమోగ్లోబిన్‌ను తిని బతుకుతుంది కాబట్టి దాని కడుపు నిండా ఇనుమే. తిన్న తిండే దానికి విషమవుతుంది.

క్యాన్సర్ కణానికీ ఇనుము ఆకలి ఎక్కువే. ఆగకుండా విభజన చెందాలంటే డీఎన్ఏ తయారుచేసుకోవాలి, దానికి కావలసిన ఎంజైముకు ఇనుము ఉండాలి. అందుకే ఇనుమును లోపలికి లాక్కునే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలు ఆ కణాల మీద సాధారణంగా ఎక్కువగా ఉంటాయి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ లై, నరేంద్ర సింగ్ 1995లో ఈ కిటుకునే వాడారు. ముందుగా ఇనుము అందించి తర్వాత మందు తగిలిస్తే ల్యుకేమియా కణాలు చచ్చాయి, మామూలు తెల్ల రక్తకణాలకు అంత హాని జరగలేదు. 2001లో జర్మనీకి చెందిన థామస్ ఎఫెర్త్ బృందం 55 రకాల క్యాన్సర్ కణాల మీద ఆర్టిసునేట్‌ను పరీక్షించింది. ల్యుకేమియా, పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఎక్కువగా లొంగాయి.

గాజుపాత్రలో చచ్చిన కణం వేరు, మంచం మీది రోగి వేరు. లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్యులు పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందు 14 రోజులు ఆర్టిసునేట్ మాత్రలిచ్చి, ఫలితాలను 2015లో ప్రకటించారు. సుమారు మూడున్నరేళ్లలో మందు తీసుకున్నవారిలో ఒకరికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఆరుగురికి వ్యాధి తిరగబెట్టింది. ఆశ పుట్టించే అంకెలే, కానీ మొత్తం రోగులు ఇరవై పైచిలుకే. అమెరికాలో ముదిరిన గడ్డలున్నవారికి ఇదే మందును సిరలోకి ఎక్కించి చూస్తే, కొందరిలో వ్యాధి కొంతకాలం నిలకడగా ఉంది తప్ప గడ్డ చెప్పుకోదగ్గంతగా కరిగినవారు లేరు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులున్న 28 మంది మహిళలపై జాన్స్ హాప్కిన్స్ వైద్యులు లోపల పెట్టే ఆర్టిసునేట్ మాత్రలను పరీక్షించారు. 2020లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 19 మందికి మార్పులు తగ్గుముఖం పట్టాయి. మందు నేరుగా చోటుకే చేరడం ఇక్కడ కలిసొచ్చిందనిపిస్తుంది.

అసలు చిక్కు మందు ఒంట్లో నిలవకపోవడం. సిరలోకి వెళ్లిన ఆర్టిసునేట్ నిమిషాల్లో మరో రూపానికి మారుతుంది, అది కూడా గంట అటూ ఇటుగా సగానికి పడిపోతుంది. ఆర్టిమిసినిన్ మాత్రలు వరుసగా మింగితే కాలేయం దాన్ని విరగ్గొట్టే వేగం పెంచుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ రక్తంలో మోతాదు తగ్గిపోతుంది. తీవ్రమైన మలేరియాకు ఇంజక్షన్ తీసుకున్న కొందరిలో ఒకటి నుంచి మూడు వారాల తర్వాత ఎర్ర రక్తకణాలు చితికిపోవడం కూడా చూశారు. క్యాన్సర్ మందుగా దీనికి ఇంకా ఆమోదం లేదు. ఎండిన ఆకులో మందు పాలు మొక్కను బట్టి నూటికి ఒక వంతు కన్నా బాగా తక్కువ నుంచి ఒకటిన్నర వంతు దాకా మారుతుంది గనుక, ఆకు కాచిన టీలో ఎంత దిగిందో తాగేవారికి తెలియదు.