పత్తిపూల పసుపు

స్టెంట్ వేయించుకున్న నాన్న కోసం క్వెర్సెటిన్ కాప్స్యూల్స్ ఆర్డర్ పెడితే కొండాపూర్ ఫ్లాట్‌కి మర్నాడే వచ్చేశాయి. డబ్బా తిప్పి చూసి ఆయన, "ఇవుంటే ఆ మాత్రలు మానెయ్యొచ్చురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చదవడం అక్కడ మొదలైంది.

క్వెర్సెటిన్ ఫ్లేవనాయిడ్ల కుటుంబంలోది. ఈ కుటుంబం చరిత్రలో వాల్తేరు ఉందని నాకప్పటిదాకా తెలీదు. తిరువెంకట రాజేంద్ర శేషాద్రి 1900లో కుళిత్తలైలో పుట్టిన తమిళుడు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్‌సన్ దగ్గర పనిచేసి వచ్చి, 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగాన్ని చేతిలోకి తీసుకున్నారు. 1949లో ఢిల్లీ వెళ్ళిపోయారు. ఆ మధ్యకాలంలో ఆయనా శిష్యులూ వెంటపడినవాటిలో పత్తిపూల పసుపు ఒకటి. పత్తి అంటే మనకి దూది, గింజ. పువ్వునెవరు చూస్తారు? వీళ్ళు చూశారు. గోంగూర పువ్వుల్నీ వదల్లేదు: హిబిసిట్రిన్ అనే పదార్థం అలా బయటపడిందే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడిన రోజుల్లోనూ ఈ పని ఆగలేదు.

వాళ్ళకి కావలసింది అణువు నిర్మాణం. రక్తనాళాల సంగతి ఇంకోచోట నడిచింది. హంగరీలో సెంట్-జార్జీ నిమ్మజాతి పళ్ళలోని ఫ్లేవనాయిడ్లు సన్నని రక్తనాళాలు చిట్లకుండా చూస్తాయని 1936లో చెప్పి, వాటిని 'విటమిన్ పి' అన్నాడు. అది విటమిన్ కాదని తేలి, 1950లో ఆ పేరు తీసేశారు.

అయినా ప్రశ్న మిగిలింది. నాళాల లోపలి గోడకి ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని తయారుచేసేది అదే. సూపరాక్సైడ్ దాన్ని దొరికినచోటే మింగేస్తుంది. ఫ్లేవనాయిడ్లు ఈ నష్టాన్ని తగ్గిస్తాయని గాజుపాత్రల్లో పెంచిన కణాలు చెప్తున్నాయి. కానీ ఆ కణాల మీద పోసే మోతాదు మన రక్తంలో కనబడదు. పేగూ కాలేయమూ కలిసి ఆ అణువుల రూపం ముందే మార్చేస్తాయి. డబ్బా మీద ఈ ముక్క ఉండదు.

మనుషుల లెక్కలు చూద్దామా? 1993లో వెలువడిన అధ్యయనం ప్రకారం, నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్‌లో 805 మంది ముసలివాళ్ళని పరిశీలిస్తే, టీ, ఉల్లి, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తిన్నవాళ్ళలో గుండెజబ్బు మరణాలు తక్కువ. అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. 2022లో వెలువడిన కాస్మాస్ ప్రయోగంలో 21,000 మందికి పైగా ఉన్నారు. సగంమందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ ఇచ్చారు. మొత్తం గుండె, రక్తనాళాల జబ్బుల్లో నికరమైన తేడా రాలేదు. ఆ జబ్బులతో పోయినవాళ్ళు మాత్రం 27 శాతం తక్కువ. ఈ రెండో అంకె మీద నాకు ఆశ ఉంది, నమ్మకం లేదు.

"మానొద్దు నాన్నా" అన్నాను. డబ్బా ఫ్రిజ్ మీదే ఉంది, సీలు తియ్యలేదు. "పోనీ, గోంగూర తినొచ్చుగా?" అన్నారాయన. పప్పులో అయితే తినమన్నాను. నిలవపచ్చడిలో ఉప్పు సంగతి వేరే.